పొలానికీ కొండదారికీ ఒకే మోటారు సైకిల్: ఎలా ఎంచుకోవాలి?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్ వైపు వ్యవసాయం చేసుకునే మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి బండి ఒక్కటే. ఎరువు బస్తా, స్ప్రేయరు, పాలకేను, సంతకు వెళ్లే కూరగాయల మూట, అన్నీ దానిమీదే. ఆదివారం అదే బండి తీసుకుని మహేంద్రగిరి వైపో దేవమాలి వైపో వెళ్లాలని ఇంట్లో కుర్రాళ్లకు ఉంటుంది, పెద్దవాళ్లకూ ఉంటుంది. మహేంద్రగిరి 1,501 మీటర్లు. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశా మొత్తంలో అదే ఎత్తైన శిఖరం. ఇంత దగ్గర్లో ఇలాంటి కొండలు ఉన్నప్పుడు ఆ కోరిక తప్పేమీ కాదు.

అయితే షోరూమ్‌లో చాలామంది కొండను తలచుకుని బండి కొంటారు, తర్వాత ఏడాది పొడవునా పొలంలో ఇబ్బంది పడతారు. ముందు మూటను బట్టి చూడండి. మూట మోయగల బళ్లలో తేలికైనదాన్ని తీసుకోండి. పొలానికీ కొండకూ ఉమ్మడిగా పనికొచ్చే గుణం తేలికదనమే. సీసీలు, హార్స్‌పవర్ ఆ తర్వాతి మాట.

మొదట మూట తూచండి

యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, డీఏపీ బస్తా 50. పదహారు లీటర్ల స్ప్రేయరు నిండా మందు నీళ్లు ఉంటే, మిషన్ బరువుతో కలిపి 20 కిలోల పైమాటే. నలభై లీటర్ల పాలకేను నిండితే 40 కిలోలు దాటుతుంది. దీనికి నడిపేవారి బరువు కలపండి. మనిషి 65 కిలోలు, యూరియా బస్తా ఒకటి అనుకుంటే 110. వెనకాల ఇంకో మనిషి కూర్చుని బస్తా పట్టుకుంటే 170 దాటిపోతుంది.

ప్రతి బండితో వచ్చే యజమాని పుస్తకంలో గరిష్ఠంగా ఎంత బరువు వేయవచ్చో రాసి ఉంటుంది. మామూలు బళ్లకు అది 130 నుంచి 150 కిలోల మధ్య ఉండటం ఎక్కువ. కొనేముందు ఆ పుస్తకం అడిగి ఆ ఒక్క అంకె చూడండి. సేల్స్‌మ్యాన్ మైలేజీ చెబుతాడు, ఈ అంకె మాత్రం అడిగితేనే బయటకు వస్తుంది.

మూట ఎక్కడ కూర్చుంటుందన్నది బరువంత ముఖ్యం. సీటు మీద, రెండు చక్రాల మధ్యకు వచ్చేలా కట్టిన 45 కిలోలు బండిని పెద్దగా ఇబ్బంది పెట్టవు. అదే బరువు వెనక క్యారియర్ మీద, వెనక చక్రం ఇరుసు దాటి వేలాడితే ముందు చక్రం తేలిపోతుంది. ఎక్కుడు దారిలో హ్యాండిల్ మాట వినదు, క్యారియర్ బిగించిన చోట ఫ్రేమ్ మెల్లగా పగులుతుంది. అందుకే సీటు పొడవుగా, చదునుగా ఉన్న బండి రైతుకు మేలు. రెండు ముక్కలుగా, వెనక భాగం ఎత్తుగా ఉండే స్పోర్ట్స్ సీటు మీద ఏ బస్తా నిలవదు. క్యారియర్ మీద ఎన్ని కిలోలు వేయవచ్చో విడిగా ఉంటుంది, చాలా బళ్లకు అది పది కిలోల లోపే. క్యారియర్‌ను తాడు కట్టుకోవడానికి వాడండి, బస్తా మోయడానికి కాదు.

తర్వాత మీ నేల చూడండి

ఇల్లు, పొలం, సంత, ఈ మూడింటి మధ్య దారి ఎలాంటిదో ఆలోచించండి. మన వైపు ఎర్రమట్టి ఎండాకాలం పిండిలా లేచి ఎయిర్ ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది, వానకు సబ్బులా జారుతుంది. పత్తి వేసే నల్లరేగడి ఇంకో రకం. టైరుకు పట్టి మడ్‌గార్డ్ కింద గడ్డకట్టి చక్రాన్నే ఆపేస్తుంది. మీది రేగడి దారి అయితే ముందు మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఎంత సందు ఉందో వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లు కూడా దూరకపోతే వానాకాలమంతా పుల్లతో బురద గీకుతూ ఉండాలి.

దారిలో గెడ్డ (వాగు) దాటాల్సి ఉంటే ఇంజిన్‌కు గాలి తీసుకునే చోటు ఎక్కడుందో మెకానిక్‌ని అడిగి తెలుసుకోండి. ఆ గాలిదారిలోకి నీళ్లు వెళ్తే ఇంజిన్ లోపల కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది, ఖర్చు వేలల్లోకి పోతుంది. బండి ఏదైనా, నీళ్లు చక్రం మధ్య ఇరుసు దాటే లోతుంటే దిగకండి. ప్రవాహం వేగంగా ఉంటే అంత లోతు కూడా వద్దు.

గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య సందు, మామూలు బళ్లకు 165 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, అడ్వెంచర్ బళ్లకు 200 దాటుతుంది. పొలం గట్లకు మొదటిది సరిపోతుంది. రాళ్ల కొండదారికి రెండోది కావాలి, లేదా ఇంజిన్ కింద మందపాటి ఇనుప రేకు గార్డ్ వేయించుకోవాలి.

చక్రాలు: స్పోకులా, అల్లాయా?

రాయి తగిలితే అల్లాయ్ చక్రం పగలవచ్చు. పగిలితే మార్చడమే. స్పోకుల చక్రం వంకరపోతుంది, దాన్ని ఊళ్లో సైకిల్ షాపు తెలిసినవాడు కూడా స్పోకులు బిగించి సరిచేయగలడు. కొండదారి నిజంగా తిరిగేవారు స్పోకులే తీసుకోండి. ఇబ్బంది ఒక్కటే, వాటిలో ట్యూబ్ ఉంటుంది, పంక్చర్ పడితే చక్రం విప్పాలి. ట్యూబ్‌లెస్ అయితే రబ్బరు పుల్ల గుచ్చి పది నిమిషాల్లో బయల్దేరవచ్చు. ఎక్కువగా తారు రోడ్డు, అప్పుడప్పుడు మట్టి దారి అయితే అల్లాయ్‌తో ఇబ్బంది లేదు.

ముందు చక్రం 21 అంగుళాలుంటే రాళ్లను, గోతులను సులువుగా ఎక్కి దిగుతుంది. 18 అంగుళాలు మధ్యరకం. 16 అంగుళాల చిన్న చక్రం గోతిలో దిగబడిపోతుంది.

ఇప్పుడు బళ్ల సంగతి

టీవీఎస్ ఎక్స్‌ఎల్ 100 మోపెడ్ బరువు 90 కిలోల లోపు, 130 కిలోలు మోస్తుంది. కాలు ఎత్తి దాటాల్సిన పని లేదు, కాళ్ల మధ్య బస్తా పెట్టుకోవచ్చు. ఇంజిన్ లాగుడు 3,500 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది కాబట్టి బురదలో నెమ్మదిగా వెళ్తున్నా లాగుతుంది. పల్లపు పొలాల వాళ్లకు దీన్ని మించిన బండి లేదు. కానీ దీనికి గేర్లు లేవు. పొడవైన ఘాట్ దిగేటప్పుడు ఇంజిన్‌తో వేగం తగ్గించే వీలు చాలా తక్కువ, భారమంతా చిన్న డ్రమ్ బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. బరువుతో కొండ దిగాల్సిన ఊళ్ల వారికి నేను దీన్ని చెప్పను.

స్ప్లెండర్, షైన్ 100 లాంటి వంద సీసీ బళ్లు చూడటానికి సాదాగా ఉంటాయి. ఈ కొండల్లో అసలు పని చేస్తున్నవి అవే. స్ప్లెండర్ 112 కిలోలు, 97.2 సీసీ, 18 అంగుళాల చక్రాలు, సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు. పడితే ఒక్కరే లేపగలరు. కిక్ ఉంటుంది కాబట్టి బ్యాటరీ పోయినా ఇంటికి చేరతారు. స్పేర్ పార్టు ఏ సంత ఊళ్లోనైనా దొరుకుతుంది. సస్పెన్షన్ ప్రయాణం, అంటే షాకబ్జర్లు కదిలే దూరం, తక్కువ, కాబట్టి రాళ్ల దారిలో వేగం పనికిరాదు. నెమ్మదిగా వెళ్లేవారిని ఇది చాలా చోట్లకు తీసుకెళ్తుంది.

బజాజ్ సీటీ 110ఎక్స్ పాతది మంచి కండిషన్‌లో కనిపిస్తే వదలకండి. 115 సీసీ, గ్రౌండ్ క్లియరెన్స్ 170, గుబ్బల టైర్లు, ఇంజిన్ కింద గార్డ్, వెనక క్యారియర్, అన్నీ కంపెనీవే. పల్లెదారులను తలచుకునే దాన్ని తయారుచేశారు.

హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ రెండు పనులకూ దగ్గరగా వచ్చే బండి. ముందు 21, వెనక 18 అంగుళాల స్పోకుల చక్రాలు, 220 మిల్లీమీటర్ల క్లియరెన్స్, సస్పెన్షన్ ముందు 190, వెనక 170 మిల్లీమీటర్లు కదులుతుంది. బరువు దాదాపు 160 కిలోలు. సీటు ఎత్తు 825, అయిదున్నర అడుగుల లోపు ఉన్నవారు బస్తాతో కాళ్లు ఆనించగలరో లేదో నిలబడి చూసుకోవాలి. 2025లో వచ్చిన ఎక్స్‌పల్స్ 210కి లిక్విడ్ కూలింగ్, ఎక్కువ పవర్ ఉన్నాయి. కొండ ఎక్కేటప్పుడు అవి బాగుంటాయి, పొలం పనికి రేడియేటర్ అంటే కాపాడుకోవాల్సిన వస్తువు ఇంకొకటి.

రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ అంటే కుర్రాళ్లకు మోజు. దూర ప్రయాణానికి అది ఎంతో మంచి బండి, 2023 దాకా వచ్చిన మోడల్‌లో 411 సీసీ ఇంజిన్ 4,000 ఆర్‌పీఎం దాటగానే 32 న్యూటన్ మీటర్ల లాగుడు ఇచ్చేది. కానీ దాని బరువు 199 కిలోలు. పొలం గట్టు మీద పడితే ఇద్దరు మనుషులు కావాలి. ఇక కవాసాకి కేఎల్ఎక్స్ 230 పూర్తిగా కొండదారి బండి. సీటు 880 మిల్లీమీటర్లు, ట్యాంకు 7.6 లీటర్లు. దానిమీద బస్తా వేయాలన్న ఆలోచనే వద్దు.

నా సలహా అడిగితే, బండి వల్ల వచ్చే రాబడి ముఖ్యమైన ఇంటికి వంద–నూట పదిహేను సీసీ బండి కొని, కొంచెం డబ్బు టైర్లకూ గార్డుకూ పెట్టండి. బస్తాలు మోయడానికి ఆటో గానీ ట్రాక్టర్ గానీ ఉండి, బండి మీద స్ప్రేయరు, పనిముట్లు మాత్రమే వెళ్తాయనుకుంటే ఎక్స్‌పల్స్ తీసుకోండి.

నడిపి చూడటం

షోరూమ్ ముందు తారు రోడ్డు మీద ఒక రౌండ్ వేస్తే ఏమీ తెలియదు. మట్టి దారి అడగండి. ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడపండి, హ్యాండిల్ కోసం నడుం వంగాల్సి వస్తే కొండదారిలో అరగంటకే నొప్పి మొదలవుతుంది. మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి, మనిషి నడక వేగంలో వెళ్లి చూడండి. ఇంజిన్ తడబడకుండా నడిస్తే బురదలోనూ నడుస్తుంది. ఎక్కుడు మీద ఆపి, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని మళ్లీ బయల్దేరండి. చివరగా ఇంజిన్ ఆపి, బండిని మెత్తటి నేల మీద వెనక్కి నెట్టండి. నెట్టలేకపోతే అది మీ బండి కాదు.

నూట ఇరవై అయిదు సీసీ దాటిన కొత్త బళ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) తప్పనిసరి. తారు మీద అది ప్రాణాలు కాపాడుతుంది. వదులు మట్టిలో దిగేటప్పుడు వెనక చక్రానికి ఏబీఎస్ లేకపోవడమో, ఆపేసే వీలుండటమో మంచిది. ఎక్స్‌పల్స్ 200లో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది.

పాతది కొంటే, ముఖ్యంగా ఆంధ్రా బండి అయితే

పార్వతీపురం, విజయనగరంలో బేరం బాగుందని కొని తెచ్చుకునేవారు చాలామంది. బండి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి, ముందే వేడిచేసి ఉంచితే అనుమానించండి. నీలం పొగ వస్తే బోర్ (ఇంజిన్ సిలిండర్) పని ఉంది. ముందు చక్రం లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పండి, మధ్యలో పట్టేసినట్టుంటే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పోయింది. ముందు ఫోర్కుల మీద నూనె తడి, క్యారియర్ దగ్గర కొత్త వెల్డింగ్ చూడండి. ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోల్చండి.

కాగితాల్లో ఆ రాష్ట్రం ఆర్‌టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), పేరు మార్పుకు ఫారం 29, 30, లోన్ తీరిన బండికి ఫారం 35 కావాలి. ఒక రాష్ట్రం బండి ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అంటే రాయగడలో ఓడీ 18, కొరాపుట్‌లో ఓడీ 10, గజపతిలో ఓడీ 20. ఒడిశా రోడ్డు టాక్సు మళ్లీ కట్టాలి. ఆ డబ్బు కలిపితే బేరం ఇంకా బాగుందో లేదో లెక్క వేసుకోండి.

కొన్న తర్వాత చేయించాల్సినవి

మొదటి డబ్బు టైర్లకు. తారుకూ మట్టికీ పనికొచ్చే గుబ్బల టైరు, ముఖ్యంగా వెనక. రెండోది ఇంజిన్ గార్డ్. మూడోది ముందు స్ప్రాకెట్, అంటే చైను తిరిగే పళ్ల చక్రం. ముందు 14 పళ్లు, వెనక 42 ఉన్న బండికి ముందు 13 వేస్తే నిష్పత్తి 3.00 నుంచి 3.23కి వెళ్తుంది, లాగుడు సుమారు 8 శాతం పెరుగుతుంది. టాప్ స్పీడ్, మైలేజీ కొంచెం తగ్గుతాయి. ఎప్పుడూ కొండ ఎక్కేవారికి ఇది మంచి మార్పు. సైలెన్సర్ జోలికి వెళ్లకండి. పవర్ పెరగదు, ఊరికీ అడవికీ చప్పుడు మిగులుతుంది.

అడవి విషయం కూడా ముందే అనుకోండి. రిజర్వు ఫారెస్టులోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లవద్దు. గజపతి జిల్లాలో లఖారీ లోయ ఏనుగుల చోటు, సాయంత్రం అటు దారులు వదిలేయండి. నియమగిరి శిఖరాలు డోంగ్రియా కోందు గిరిజనులకు దేవుడి స్థానం. 2013లో అక్కడి 12 గ్రామసభలు బాక్సైట్ గనిని వద్దన్నది అందుకే. చక్రాలతో అక్కడికి ఎక్కే హక్కు మనకు లేదు.

బస్తా వేసిన రోజూ, కొండకు వెళ్లే రోజూ ఒకే సెట్టింగుతో నడపకండి. రెండు షాకబ్జర్ల బళ్లకు కింద మెట్లుగా కోసిన రింగు ఉంటుంది. బరువుకు గట్టి మెట్టు, ఖాళీకి మెత్తటి మెట్టు. బరువున్నప్పుడు టైర్లలో పుస్తకంలో చెప్పినంత గాలి ఉండాలి. మట్టి దారిలో ఖాళీగా వెళ్లేటప్పుడు కొంచెం తగ్గించవచ్చు, ట్యూబ్ టైరు అయితే 20 పీఎస్‌ఐ కిందికి మాత్రం వద్దు, రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి తెగుతుంది. తిరిగి తారెక్కే ముందు గాలి నింపుకోవాలి కాబట్టి చేతిపంపు, గేజి, ఒక ట్యూబ్, చక్రం విప్పే స్పానర్ సీటు కింద గానీ సంచిలో గానీ ఎప్పుడూ ఉండనివ్వండి.