పాత కేస్ షీట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించిన తీరు

మా క్లినిక్‌లో ఫైళ్లన్నీ స్కాన్ చేశాక కూడా డాక్టర్‌గారికి కావాల్సింది దొరికేది కాదు, ఎందుకంటే స్కాన్ అంటే ఫొటోనే, పెన్సిలిన్ పడదని అందులో ఎర్ర ఇంకుతో రాసి ఉన్నా సాఫ్ట్‌వేర్ దాన్ని చదవదు, మందు రాసేటప్పుడు హెచ్చరించదు. అందుకని అలర్జీలు, ఇప్పుడు వాడుతున్న మందులు, దీర్ఘకాలిక జబ్బులు, టీకాలు మాత్రం దేని గడిలో దాన్ని టైప్ చేయించాం. మిగతాదంతా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసిన పీడీఎఫ్‌గానే ఉంచాం. టైపింగ్ కూడా అపాయింట్‌మెంట్ దగ్గరపడ్డవాళ్లవి ముందు.

అసలు టెన్షన్ ఒకే పేరున్నవాళ్లతో. పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు మూడూ కలిస్తేనే రికార్డు జత చేయాలని పట్టుబట్టాను. ఒకరు ఎక్కించింది ఇంకొకరు కాగితంతో సరిచూసేదాకా ఏ ఫైలూ స్టోర్ రూమ్‌కి పంపలేదు. అలర్జీ గడి మాత్రం ఎప్పుడూ ఖాళీగా వదలకండి, ఏమీ లేకపోతే "తెలిసిన అలర్జీ లేదు" అనే రాయండి, ఖాళీగా ఉంటే అసలు అడిగారో లేదో తర్వాత చూసేవాళ్లకి తెలియదు.