జెండా ఎగరేసే ముందు ఇవి చూసుకోండి

ఆగస్టు 15 పొద్దున అందరూ వచ్చి నిలబడ్డాక టెన్షన్ పడే బదులు, ఈ పని ముందురోజు సాయంత్రమే పెట్టుకోండి.

ముందు తాడు, కప్పీ చూడాలి. కిందటేడు మా అపార్ట్‌మెంట్‌లో ముడి బిగుసుకుపోయి, ఎంత లాగినా జెండా విచ్చుకోలేదు. చివరికి వాచ్‌మన్ నిచ్చెన తేవాల్సి వచ్చింది. అందుకే జారుముడే వేయండి. లోపల పూలరేకులు గుప్పెడు చాలు, బరువెక్కితే ముడి ముందే ఊడుతుంది. ఒకసారి లాగి చూసి, మళ్లీ మడిచి కట్టండి.

– కాషాయం పైకే రావాలి. కట్టినవాళ్లు కాక ఇంకొకరు కూడా చూడాలి. తొందరలో ఎవరికైనా తలకిందులవుతుంది.

– పొడవు, ఎత్తు 3:2. చక్రంలో 24 ఆకులు లెక్కపెట్టుకునే కొనండి. ఖద్దరే కానక్కర్లేదు, జెండా నియమావళికి 2021లో చేసిన సవరణ తర్వాత పాలిస్టర్‌కీ అభ్యంతరం లేదు.

– చిరిగింది, వెలిసింది వద్దు. దాని మీద రాతలు వద్దు. నేలకు తాకనివ్వొద్దు.

– 2022 నుంచి ఇంటి మీద రాత్రి కూడా ఉంచొచ్చు. గాలివాన పట్టేలా ఉంటే మాత్రం దించేయడమే మేలని నా ఉద్దేశం.

– పాత జెండాను చెత్తలో వేయకండి. నలుగురిలో కాకుండా, మర్యాదగా కాల్చేయాలి.