పుట్టగొడుగును ఫోటో తీయాలంటే ముందు నేల మీద పడుకోవాలి

ఎండాకాలంలో మన అడవుల్లో పుట్టగొడుగుల కోసం వెతకడం దండగ, తొలకరి పడేదాకా ఆగండి. రెండు మూడు మంచి వానలు పడి మధ్యలో కాస్త ఉక్కపోసిందంటే అనంతగిరిలో గానీ మారేడుమిల్లి వైపు గానీ ఎండుటాకుల మధ్య, పడిపోయిన మొద్దుల మీద, చెదపుట్టల చుట్టూ లేస్తాయి. పొద్దున్నే వెళ్లాలి, ఎందుకంటే పేడ మీద, కుళ్లిన చెత్త మీద వచ్చే సన్న రకాలు ఎండెక్కేసరికి వాలిపోతాయి, కొన్నయితే నల్లటి సిరాలా కరిగి కారిపోతాయి.

నిలబడి పైనుంచి క్లిక్ కొడితే వచ్చేది ఒక గుండ్రటి మచ్చ, అంతే. లెన్స్ పుట్టగొడుగు కాడ ఎత్తుకి దిగాలి. ఫోన్‌ని తలకిందులుగా పట్టుకోండి, కెమెరా దాదాపు నేలకి ఆనుతుంది. చాలా ఫోన్లలో మ్యాక్రో మోడ్ నొక్కితే వైడ్ కెమెరాకి మారిపోయి, మరీ దగ్గరికి వెళ్లాల్సొచ్చి, మీ నీడే దాని మీద పడుతుంది. నన్నడిగితే కాస్త వెనక్కి జరిగి 2ఎక్స్ జూమ్‌లో తీయడమే నయం. తెల్ల గొడుగైతే స్క్రీన్ మీద తాకి వెలుగు తగ్గించండి, లేకపోతే పైన గీతలన్నీ తెల్లగా మాడిపోతాయి.

కెమెరా ఉంటే అపర్చర్ (లెన్స్ కన్ను ఎంత తెరుచుకోవాలన్నది) ఎఫ్8 నుంచి ఎఫ్11, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) తక్కువ, కింద చిన్న ఇసుక సంచి, 2 సెకన్ల టైమర్. చెట్ల కింద చీకటికి షట్టర్ అర సెకను దాకా తెరుచుకుని ఉంటుంది, చేత్తో పట్టుకుంటే కదిలిపోవడం ఖాయం. ఫ్లాష్ వద్దే వద్దు. నీడ వైపు కింద ఒక తెల్లకాగితం పెట్టి చూడండి: గొడుగు అడుగున రేకులు ఒక్కోటీ విడివిడిగా వెలుగుతాయి, వాటి మధ్య పాకే ఆవగింజంత పురుగు కూడా కనిపిస్తుంది.

రకం తెలుసుకోవాలంటే ఆ అడుగు భాగం, కాడ మొదలు, పక్కన రూపాయి బిళ్లతో ఒక ఫోటో ఉండాలి. పీకక్కర్లేదు, చిన్న అద్దం కింద పెట్టి తీయండి. పుట్ట మీద లేచేవాటి కాడ వేరులా లోపలికి, చెదలు పెంచుకునే బూజు దాకా దిగి ఉంటుంది, ఎలాగూ పూర్తిగా రాదు. ఫోటో చూసో యాప్ చెప్పిందనో వండుకోకండి. పచ్చికలో తెల్లగా ముద్దుగా కనిపించి, ముదిరాక రేకులు ఆకుపచ్చకి తిరిగే రకం విషం.

పడుకోబోయే ముందు కర్రతో ఆకులు కదపండి, రక్తపింజర వాటి రంగులోనే ఉంటుంది. నల్లమల పులుల అభయారణ్యం కాబట్టి అటవీశాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్లొద్దు. ఏసీ కారు దిగగానే లెన్స్ మీద ఆవిరి పడుతుంది, టెన్షన్ పడి తుడిచెయ్యకండి, కాసేపు బయట పెడితే అదే పోతుంది.