పాచికలు లేని ఆటలో ఘర్షణను తేల్చడం ఎలా

పాచికలతో ఆడే ఆటలో గెలుపోటముల భారాన్ని పాచికల మీద వేసి నిశ్చింతగా ఉండవచ్చు. తలా ఒక పాత్ర తరఫున మాట్లాడుతూ కథ నడిపే రోల్‌ప్లేయింగ్ ఆటను పాచికలు లేకుండా ఆడేటప్పుడూ, ఆటగాళ్లే వేషం కట్టి పాత్రలుగా తిరిగే లార్ప్‌లోనూ ఆ వెసులుబాటు లేదు. ఒకే వస్తువు కోసం రెండు పాత్రలు ఎదురుపడినప్పుడు ఎవరిది పైచేయి అన్నది మనుషులే తేల్చాలి. ఓడిన ఆటగాడు ఆ తీర్పును మనసారా ఒప్పుకోవాలి కూడా. నేను చూసినంతలో అలకలకూ వాదులాటలకూ మూలం చాలావరకు ఒక్కటే: గెలిస్తే ఏమి దక్కుతుందో, ఓడితే ఏమి పోతుందో ముందుగా ఎవరూ చెప్పుకోకపోవడం.

అందువల్ల మొదట చేయవలసిన పని పణం తేల్చుకోవడం. కోట ద్వారం దగ్గర కావలివాడు ఒక దూతను అడ్డగించాడనుకుందాం. “వాణ్ణి తోసుకుని లోపలికి పోతాను” అంటాడు ఒక ఆటగాడు. “నేను కత్తి దూస్తాను” అంటాడు రెండో ఆటగాడు. ఇద్దరూ చేయబోయే పని చెప్పారు గాని, కోరుతున్నదేమిటో చెప్పలేదు. నిర్వాహకుడు ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ సంగతే అడగాలి. దూతకు కావలసింది లేఖ రాణికి చేరడమూ, కావలివాడికి కావలసింది తన కాపలాలో పరాయివాడు గడప దాటకపోవడమూ అయితే, లేఖను కావలివాడే లోపలికి చేరవేయవచ్చు. కత్తితో పని ఉండదు. కావలివాడు ఆ లేఖను కాజేయాలనుకుంటున్నాడని తేలితే మాత్రం అది నిజమైన ఘర్షణ, దాన్ని తేల్చక తప్పదు.

తేల్చే పద్ధతులకు జొనాథన్ ట్వీట్ 1995లో వెలువరించిన ఎవర్‌వే ఆటలో మూడు పేర్లు పెట్టాడు: పాత్రల బలాబలాలను పోల్చి చూడడం కర్మ, కథకు ఏది తగునో చూసి నిర్ణయించడం డ్రామా, అదృష్టానికి వదిలేయడం ఫార్చ్యూన్. ఆ ఆటలో అదృష్టం కూడా పాచికల నుంచి కాక కార్డుల నుంచే వస్తుంది. మీ బృందం ఏ సందర్భంలో ఏ పద్ధతిని పాటిస్తుందో ఆటకు ముందే చెప్పుకోండి. సన్నివేశం మధ్యలో పద్ధతి మారితే, అది ఎంత న్యాయమైన తీర్పైనా ఓడినవాడికి పక్షపాతంగానే కనిపిస్తుంది.

బలాబలాల పోలికకు మంచి నమూనా 1991లో ఎరిక్ వుజిక్ రూపొందించిన యాంబర్ ఆట. అందులో ఆటగాళ్లు తలా 100 పాయింట్లతో మొదలుపెట్టి, మనోబలం, దేహబలం, ఓర్పు, యుద్ధనైపుణ్యం అనే నాలుగు గుణాల కోసం వేలంపాట పాడతారు. ఆ తరువాత మిగతావన్నీ సమానంగా ఉన్నంతవరకు పై స్థానంలో ఉన్న పాత్రే గెలుస్తుంది. ఆట రక్తి కట్టేది “మిగతావన్నీ సమానంగా” అన్న ఆ షరతు దగ్గరే. కత్తియుద్ధంలో వెనుకబడిన ఆటగాడు ఆ పోరును తనకు బలమున్న చోటికి మళ్లించాలి: దగ్గరికి దూసుకుపోయి కుస్తీగా మార్చవచ్చు, ఓర్పు ఎక్కువగా ఉంటే వెనక్కి వెనక్కి తగ్గుతూ ఎదుటివాడిని అలసిపోయేలా చేయవచ్చు, లేదా మాటలతో ఆపవచ్చు.

ఇలాంటి పోరులో నిర్వాహకుడు “నువ్వు ఓడిపోయావు” అని ఒక్కసారిగా ప్రకటించకూడదు. ముందు సూచన ఇవ్వాలి, తరువాత ఫలితం చెప్పాలి. “మూడో దెబ్బను కాచుకునేసరికే నీ మణికట్టు తిమ్మిరెక్కింది, అతడి ఊపిరి మాత్రం ఇంకా మారలేదు” అంటే చాలు, ఎదుటివాడు తనకంటే గట్టివాడని ఆటగాడికి అర్థమవుతుంది. అప్పుడు “ఏం చేస్తావు?” అని అడగండి. పారిపోవడానికీ, లొంగిపోవడానికీ, ఎత్తు మార్చడానికీ దారి ఉండగా కూడా అక్కడే నిలిచి ఓడినవాడు ఆ ఓటమిని తన నిర్ణయంగా భావిస్తాడు, తీర్పు మీద కినుక పెట్టుకోడు.

లార్ప్‌లో ఇంత తీరిక ఉండదు. చుట్టూ పదిమంది తమ తమ పాత్రల్లో ఉండగా ఇద్దరు పక్కకు జరిగి పావుగంట చర్చిస్తే ఆ గదిలో కథ చల్లారిపోతుంది. అందుకే 1993 నాటి మైండ్స్ ఐ థియేటర్ అనే లార్ప్ నియమాలు రాయి, కాగితం, కత్తెర ఆటను వాడుకున్నాయి. ఇద్దరూ ఒకే గుర్తు చూపినప్పుడు లక్షణాల సంఖ్య ఎక్కువగా ఉన్న పాత్రదే గెలుపు. ఏ వ్యూహమూ లేకుండా ఆడితే మూడింట ఒక వంతు సార్లు ఒకే గుర్తు పడుతుంది కాబట్టి, బలమైన పాత్ర మూడింట రెండు వంతుల సార్లు గెలుస్తుంది. బలహీనుడికి ఆశ మిగిలి ఉంటుంది, బలవంతుడి బలానికీ విలువ ఉంటుంది.

నురుగు తొడిగిన ఆయుధాలతో పోరాడే బృందాలలో దెబ్బ తగిలిందో లేదో చెప్పవలసింది సాధారణంగా దెబ్బ తిన్నవాడే. కొట్టినవాడు అరిచి లెక్క చెప్పడం మొదలైతే ఆ పద్ధతి కూలిపోతుంది. దెబ్బను చివరి క్షణంలో బిగబట్టి మెత్తగా తాకించడం, తలనూ మెడనూ వదిలేయడం ఆట మొదలుకాకముందే అందరిచేతా సాధన చేయించాలి. నార్డిక్ (ఉత్తర ఐరోపా దేశాల) లార్ప్ ఆటగాళ్లలో మరో సంప్రదాయం ఉంది: సన్నివేశం బలంగా వస్తుందనుకుంటే తమ పాత్ర ఓడిపోవడాన్ని తామే ఎంచుకుంటారు. దీన్ని నేర్చుకోవడానికి కొంతకాలం పట్టినా, ఇంతకంటే వేగంగా ఘర్షణ తీరే మార్గం నాకు తెలియదు. వారి రెండు మాటలను కూడా తప్పక అరువు తెచ్చుకోండి: “కట్” అంటే అందరూ వెంటనే ఆట ఆపాలి, “బ్రేక్” అంటే తీవ్రత తగ్గించాలి. ఎవరు ఆ మాట అన్నా కారణం అడగకుండా పాటించాలి.

పాత్రల మధ్య ఉన్న కోపం ఆటగాళ్ల మధ్యకు పాకిందని అనిపిస్తే, దాన్ని కత్తియుద్ధంతోనో కార్డుతోనో తేల్చడానికి ప్రయత్నించవద్దు. పాత్ర పేరుతో కాక మనిషి పేరుతో పిలిచి, ఇద్దరినీ కాసేపు పక్కన కూర్చోబెట్టండి. వివాదం ఒక నియమం గురించి అయితే అప్పటికి ఒక తాత్కాలిక తీర్పు చెప్పి ఆట సాగనివ్వండి. ఆట ముగిశాక, వేషాలు తీసేశాక, ఆ తీర్పును అందరి ముందూ తిరిగి పరిశీలించి, మార్చవలసి వస్తే వచ్చే ఆట నుంచి అమలయ్యేలా రాసిపెట్టుకోండి.