రేడియోహెడ్‌ను వినడం ఎలా: ఏ ఆల్బమ్ ఎప్పుడు, ఏ గొడవ ఎందుకు

బ్రిటిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ గురించి ఇద్దరు వాదించుకుంటుంటే చాలాసార్లు వాళ్లు ఒకే బ్యాండ్ గురించి మాట్లాడరు. ఒకరి మనసులో 1995 నాటి గిటార్ల బ్యాండ్ ఉంటుంది. ఇంకొకరి మనసులో 2000లో గిటార్లు పక్కనపెట్టి సింథసైజర్ల ముందు కూర్చున్న బ్యాండ్ ఉంటుంది. మనుషులు మాత్రం ఆ ఐదుగురే: గాయకుడు థామ్ యార్క్, జానీ గ్రీన్‌వుడ్, అతని అన్న కొలిన్, ఎడ్ ఓబ్రయన్, ఫిల్ సెల్వే. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి అబింగ్డన్‌లో ఒకే బడిలో చదువుకుంటూ 1985లో కలిశారు. స్టూడియో ఆల్బమ్‌లు తొమ్మిది. వాటిని విడుదలైన వరుసలో వింటే మొదటిదే చాలా బలహీనం కాబట్టి సగం మంది అక్కడే ఆగిపోతారు. కింద చెప్పే వరుస వేరు.

ముందు ఫోన్ సరిచేసుకోండి. యాప్‌లో షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట మీద ఇంకోటి కలిసిపోయేలా చేసేది) సున్నాకి తెండి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఖాళీ రానివ్వనిది) ఆన్ చేయండి. ‘కిడ్ ఎ’లో ‘ఇడియోటెక్’ ఆగకుండానే ‘మార్నింగ్ బెల్’లోకి వెళ్తుంది, మధ్యలో అర సెకను ఖాళీ వచ్చినా ఆ మలుపు పాడైపోతుంది. ఫోన్ స్పీకర్ మీద వినకండి. కొలిన్ బేస్ గిటార్ అందులో వినపడదు, అది లేకపోతే ఈ పాటల్లో సగం తేలిపోతాయి. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. ఒక్కో ఆల్బమ్ 37 నుంచి 57 నిమిషాలు, ఒకే కూర్చోవడంలో.

మొదటి రోజు ‘ఇన్ రెయిన్‌బోస్’ (2007). పది పాటలు, 42 నిమిషాలు. గిటార్లు కావాలన్నవారికీ ఎలక్ట్రానిక్ శబ్దం కావాలన్నవారికీ ఇద్దరికీ చోటున్న ఆల్బమ్ ఇదొక్కటే. మొదటి పాట ‘15 స్టెప్’ ఐదు లెక్కలో నడుస్తుంది. నాలుగు లెక్కలో తల ఊపితే రెండో చుట్టుకే తప్పిపోతారు. ఖండ చాపులో తక తకిట అని చేత్తో వేసే అలవాటున్నవారికి ఇబ్బందే ఉండదు. ‘వియర్డ్ ఫిషెస్’లో ఒక్క గిటార్‌నే పట్టుకుని చివరిదాకా వెంబడించండి, తర్వాత మళ్లీ మొదటి నుంచి ఇంకో గిటార్‌ని. విడివిడిగా ఏ గిటార్ వాయించేదీ కష్టమైనది కాదు, అవి ఒకదానిలో ఒకటి పెనవేసుకోవడంలోనే పాటంతా ఉంది.

ఈ ఆల్బమ్ మీద గొడవ సంగీతం గురించి కాదు, ధర గురించి. రికార్డ్ కంపెనీ ఈఎంఐతో ఒప్పందం ముగిశాక, 2007 అక్టోబర్ 10న తమ సైట్‌లోనే పెట్టి ఎంతిస్తారో మీరే రాసుకోండన్నారు. సున్నా అని రాసినా పాటలు వచ్చేవి. దీన్ని సంగీతకారుల స్వేచ్ఛ అన్నవారున్నారు. పేరున్నవాళ్లకు ఇది చెల్లుతుంది, చిన్న బ్యాండ్‌లు మాత్రం తమ పని ఉచితమనే అలవాటుకు బలైపోతాయని కోప్పడ్డవారూ ఉన్నారు. రెండో మాటలో బరువుంది: అంతకుముందు ఏళ్లతరబడి ఒక పెద్ద కంపెనీ ఖర్చుపెట్టి నిలబెట్టిన పేరు అది. ఆ రోజు ఇచ్చిన ఫైళ్లు 160 కేబీపీఎస్ ఎంపీ3లు, అంటే సీడీ కంటే నాణ్యత తక్కువ. పాత హార్డ్‌డిస్క్‌లో అవి ఉంటే తీసేసి సీడీ స్థాయి ఫైళ్లు తెచ్చుకోండి, డ్రమ్స్‌లోని సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) శబ్దంలో తేడా వెంటనే తెలుస్తుంది.

రెండో రోజు ‘క్రీప్’. ‘పాబ్లో హనీ’ (1993) మొత్తం వినక్కర్లేదు, ఈ ఒక్క పాట చాలు. 1992లో బ్రిటన్‌లో సింగిల్‌గా (విడి పాటగా) వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. ముందు ఇజ్రాయెల్ రేడియోలో, తర్వాత అమెరికాలో హిట్టయి, 1993లో తిరిగి ఇంటికొచ్చి బ్రిటన్ పాటల జాబితాలో ఏడో స్థానానికి చేరింది. ఇజ్రాయెల్ మాట గుర్తుంచుకోండి, చివర్లో దానితో పని ఉంది.

గిటార్ ఉంటే ఈ పాటని వాయించి చూడండి. నాలుగే కార్డ్‌లు: జి, బి, సి, సి మైనర్. ఒక్కోటి ఎనిమిదేసి దెబ్బలు. పాటంతా ఇదే చుట్టు తిరుగుతుంది, పల్లవికి కూడా మారదు. జి ఓపెన్‌గా పట్టుకోండి. బి కోసం రెండో ఫ్రెట్‌లో బారె వేసి (చూపుడువేలిని తీగల మీద అడ్డంగా నొక్కిపెట్టి) నాలుగు, మూడు, రెండో తీగలని నాలుగో ఫ్రెట్‌లో నొక్కండి. అదే ఆకారాన్ని ఒక్క ఫ్రెట్ ముందుకు జరిపితే సి. అక్కడ నుంచి రెండో తీగని ఒక్కదాన్నే ఐదో ఫ్రెట్ నుంచి నాలుగుకి దించితే సి మైనర్. కొత్తవాళ్లు చేసే తప్పు రెండో కార్డ్‌ని బి మైనర్‌గా వాయించడం. జి స్కేల్‌లో సహజంగా వచ్చేది అదే కాబట్టి వేళ్లు అటే పోతాయి. కానీ జిని షడ్జమం అనుకుంటే ఈ నాలుగు కార్డ్‌ల లోపల ఒక స్వరం ఇలా కదులుతుంది: పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, మళ్లీ శుద్ధ ధైవతం, తిరిగి పంచమం. బి మైనర్ వాయిస్తే ఆ మొదటి మెట్టు విరిగిపోయి పాటలోని ఆ దిగులంతా పోతుంది. పల్లవికి ముందు వచ్చే ఆ ‘ఛక్’ మోత జానీది: ఎడమచేత్తో తీగలు మూసేసి, డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరుకుగా చేసేది) నిండుగా పెట్టి, గట్టిగా కొట్టాలి. మెల్లగా కొడితే అది పొరపాటున తగిలినట్టుంటుంది.

మూడో, నాలుగో రోజులకి ‘ది బెండ్స్’ (1995), ‘ఓకే కంప్యూటర్’ (1997). వీటి మీద పెద్ద తగాదా లేదు. రెండోదాన్ని ఎక్కువ భాగం బాత్ నగరం దగ్గర సెయింట్ కేథరిన్స్ కోర్ట్ అనే పాత భవనంలో రికార్డ్ చేశారు. ‘ఎగ్జిట్ మ్యూజిక్’లో గొంతు చుట్టూ వినిపించే ప్రతిధ్వని యంత్రంతో పెట్టినది కాదు, ఆ ఇంటి రాతి మెట్ల దగ్గర పాడినందువల్ల వచ్చింది.

ఐదో రోజు ‘కిడ్ ఎ’ (2000). అసలు చీలిక ఇక్కడే. సింగిల్ లేదు, మామూలు వీడియోలు లేవు, అయినా అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. అమెరికా సంగీత సైట్ పిచ్‌ఫోర్క్ పదికి పది ఇచ్చింది, బ్రిటన్ పత్రిక మెలొడీ మేకర్ ఐదుకి ఒకటిన్నర ఇచ్చింది. నచ్చనివారిలో రెండు రకాలున్నారు, ఇద్దరినీ ఒక గాటన కట్టకండి. ఒకరు గిటార్లు ఎక్కడని అడిగేవారు. ‘ఆప్టిమిస్టిక్’ వినిపిస్తే వీళ్ల పట్టు కాస్త సడలుతుంది. రెండోవారు ఎలక్ట్రానిక్ సంగీతానికి పేరున్న వార్ప్ అనే రికార్డ్ లేబుల్ సంగీతం ముందే తెలిసినవారు: ఏఫెక్స్ ట్విన్, ఆటెకర్ చేసిందే వీళ్లు ఆలస్యంగా చేశారంటారు. ‘ఓకే కంప్యూటర్’ తర్వాత యార్క్ మునిగిపోయింది ఆ సంగీతంలోనే, కాబట్టి ఆ మాట అబద్ధం కాదు. దానికి సరైన జవాబు ‘ఇడియోటెక్’. అందులోని నాలుగు కార్డ్‌ల ముక్క పాల్ లాన్‌స్కీ 1973లో ప్రిన్స్‌టన్‌లో కంప్యూటర్ మీద చేసిన mild und leise అనే రచనలోనిది. అనుమతి తీసుకుని, పేరు వేసే వాడారు. ముందు ఆ రచన వినండి, తర్వాత పాట వినండి. చల్లని ప్రయోగంలోంచి భయపెట్టే నాట్యం ఎలా పుట్టిందో చెవికే తెలుస్తుంది. మొదటి పాట ‘ఎవ్రీథింగ్ ఇన్ ఇట్స్ రైట్ ప్లేస్’ తడబడుతున్నట్టుంటే పది దాకా లెక్కపెట్టండి, చుట్టు సరిగ్గా పూర్తవుతుంది.

అదే సెషన్‌ల నుంచి వచ్చిన ‘ఆమ్నీసియాక్’ (2001)లో ‘పిరమిడ్ సాంగ్’ కోసం ఆగండి. పియానోకి తాళమే లేదని చాలామంది అనుకుంటారు. సమంగా తట్టడం మొదలుపెట్టి, నాలుగో దెబ్బ ఆలస్యమయ్యేసరికి వదిలేస్తారు. ఇలా చెప్పుకుంటూ వినండి: తకిట తకిట తకధిమి తకిట తకిట. పదహారు అక్షరాలు. ప్రతి ముక్క మొదట్లో ఒక పియానో దెబ్బ. సుమారు రెండు నిమిషాల దగ్గర డ్రమ్స్ చేరాక సెల్వే ఆ పదహారునే మెత్తగా ఊగుతూ వాయిస్తాడు.

‘హెయిల్ టు ది థీఫ్’ (2003) పొడవుందనే ఫిర్యాదు న్యాయమే. పద్నాలుగు పాటల్లోంచి ‘బ్యాక్‌డ్రిఫ్ట్స్’, ‘వి సక్ యంగ్ బ్లడ్’, ‘ఐ విల్’, ‘ఎ పంచప్ ఎట్ ఎ వెడ్డింగ్’ తీసేసి వినండి. యార్క్ తానే తర్వాత పెట్టిన పది పాటల జాబితాలోనూ ఈ నాలుగూ లేవు. ‘ది కింగ్ ఆఫ్ లింబ్స్’ (2011) స్టూడియో రూపం గడ్డకట్టినట్టుంటుంది. రెండో డ్రమ్మర్ క్లైవ్ డీమర్‌తో అదే ఏడాది వాయించిన ‘ఫ్రమ్ ది బేస్‌మెంట్’ వీడియో పెట్టుకోండి. ఆ ఆల్బమ్‌ని తిట్టినవారిలో చాలామంది దాన్ని చూసి మెత్తబడ్డారు.

ఇక ఇజ్రాయెల్ సంగతి. 2017 జులైలో, ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలన్న పాలస్తీనా మద్దతుదారుల పిలుపుని కాదని టెల్ అవీవ్‌లో కచేరీ చేశారు. దక్షిణాఫ్రికా ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు, సినిమా దర్శకుడు కెన్ లోచ్, పింక్ ఫ్లాయిడ్‌ సంగీతకారుడు రోజర్ వాటర్స్ బహిరంగంగా వద్దన్నారు. ఒక దేశంలో పాడటం ఆ ప్రభుత్వాన్ని సమర్థించడం కాదని యార్క్ జవాబిచ్చాడు. జానీ భార్య ఇజ్రాయెలీ. అక్కడి సంగీతకారులతో అతని పని పాతదే. జోధ్‌పూర్ మెహరాన్‌గఢ్ కోటలో రాజస్థానీ వాద్యకారులతో 2015లో చేసిన ‘జునూన్’ ఆల్బమ్‌లోనూ షై బెన్ త్సూర్ అనే ఇజ్రాయెలీ స్వరకర్తే భాగస్వామి. గాజా యుద్ధం తర్వాత కోపం పెరిగింది; 2024 అక్టోబర్‌లో మెల్‌బోర్న్‌లో ఒక ప్రేక్షకుడు నిలదీస్తే యార్క్ వేదిక దిగిపోయి, తర్వాత తిరిగొచ్చి చివరి పాట పాడాడు. ఈ విషయాన్ని బాగున్న పాటతో కొట్టిపారేయకండి, పాట బాగోలేదనడానికీ వాడకండి. పాట విన్నాక కూడా బాధ మిగిలిపోతే అది మిగలాల్సిన బాధే.

చివరి రోజు ‘ఎ మూన్ షేప్డ్ పూల్’ (2016). పాటలు అక్షరక్రమంలో ఉన్నాయి. మొదటిదానిలో వయొలిన్‌లవాళ్లు గిటార్ ప్లెక్ట్రమ్‌లతో (మీటే చిన్న ముక్కలతో) తీగలు మీటుతున్నారు. ఆఖరిది ‘ట్రూ లవ్ వెయిట్స్’, 1995 నుంచి వేదికల మీద పాడుతూ వచ్చి 21 ఏళ్లకి స్టూడియోలో రికార్డ్ చేసినది. ముందు 2001 లైవ్ ఆల్బమ్ ‘ఐ మైట్ బి రాంగ్’లో ఒక్క గిటార్‌తో పాడినది వినండి. వెంటనే 2016ది పెట్టండి. గిటార్ లేదు, పియానో స్వరాలు ఒకదాని వెనక ఒకటి జారుతూ ఉంటాయి, మాటలు మాత్రం అవే.