మారిషస్ వెళ్తున్న తమ్ముళ్లకు: ముందు సరుకుల లెక్క చూసుకోండి

హైదరాబాదు నుంచి మారిషస్‌కు ఉద్యోగానికి వెళ్లేవారు వీసా, టికెట్టు, అద్దె ఇల్లు చూసుకునే బయలుదేరతారు. సరుకుల ఖర్చును మాత్రం ఎవరూ పట్టించుకోరు. మొన్న మా కాలనీ కుర్రాడు మొదటి జీతం నెల తిరక్కుండానే అయిపోయిందని ఫోను చేశాడు. "ఎటు చూసినా పచ్చటి పొలాలే కదన్నా, తిండికి ఇంత ఖర్చేమిటి?" అని వాపోయాడు.

ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం చెరకే. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన తెలుగు కూలీలు నడుములు విరగ్గొట్టుకున్నదీ ఆ తోటల్లోనే. చక్కెర ఓడల్లో బయటికి పోతుంది, బియ్యం, గోధుమలు, పప్పులు, నూనె ఓడల్లో లోపలికి వస్తాయి. ఓడ కిరాయి పెరిగినా, అక్కడి రూపాయి విలువ పడిపోయినా ముందు తెలిసేది మీ వంటింట్లోనే. ఎర్రగడ్డ రైతుబజారు ధరలు మనసులో పెట్టుకుని వెళ్లకండి. అక్కడ నా మొదటి నెలల్లో ఎన్నో రాత్రులు రొట్టె, టీతోనే గడిచాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. సూపర్ మార్కెట్టు మానేసి రాజధాని పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్టులో కూరగాయలు కొనండి. వంట నేర్చుకోకుండా విమానం ఎక్కవద్దు. నవంబరు నుంచి తుపానుల కాలం. హెచ్చరికలు నాలుగు తరగతులుగా ఇస్తారు. మొదటిది వినగానే బియ్యం, మంచినీళ్లు ఇంట్లో పెట్టుకోండి. తుపాను వెళ్లాక తోటలు పాడై కూరగాయల ధర ఇంకా పెరుగుతుంది.

ఇంత ఖర్చు చూసి, ఒక్క పంటను నమ్ముకున్న దేశం ఏం బాగుపడుతుందని ఆఫీసులో నోరు జారకండి. 1961లో జేమ్స్ మీడ్ అనే ఆర్థికవేత్త కూడా ఈ దీవి భవిష్యత్తు మీద ఆశ పెట్టుకోలేదు. కానీ ఆ అంచనా తప్పింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. 1970లో ఎగుమతి పరిశ్రమలకు చట్టం చేసి బట్టల మిల్లులు తెచ్చుకున్నారు. 1975 నుంచి యూరప్ హామీ ధరకు చక్కెర కొంటుంటే, ఆ లాభాల్లో కొంత మిల్లుల్లో, హోటళ్లలో పెట్టారు. 2006లో యూరప్ ఆ ధరను 36 శాతం కోయడం మొదలుపెట్టింది. అయినా దేశం కుప్పకూలలేదు. చెరకు పిప్పితో కరెంటు తీస్తున్నారు. మీలో చాలామంది పనిచేయబోయే, ఐటీ ఆఫీసులుండే ఎబెన్ సైబర్ సిటీ కూడా చక్కెర ఒక్కటే చాలదని తెలిసి కట్టుకున్నదే.

సరే, మరీ భయపడకండి. కొన్ని నెలలకు ఖర్చు అదుపులోకి వస్తుంది, మా కుర్రాడికీ వస్తుంది. ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. తెలుగు కుటుంబాలు ఇళ్లలో ఎక్కువగా ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష క్రియోల్ మాట్లాడతాయి, అయినా పండుగ వదలవు. పిలిస్తే మొహమాటపడకుండా వెళ్లండి.