క్లస్టర్ కడదాం, 4వ పాఠం: హద్దురాయి ఒక్కరే పాతాలి

గత పాఠంలో రెండు లైనక్స్ నోడ్లకూ (క్లస్టర్‌లోని సర్వర్లకు) ఒకే స్టోరేజ్ నుంచి మూడు డిస్కులు కనిపించేలా చేశాం. ఇప్పుడు వాటిని ఒరాకిల్ ఏఎస్‌ఎం కోసం, అంటే ఒరాకిల్ డేటాబేస్ డిస్కులను చూసుకునే సాఫ్ట్‌వేర్ కోసం, సిద్ధం చేద్దాం. సరిగ్గా చేస్తే పది నిమిషాల పని. తప్పితే రాత్రంతా జాగారమే.

ముందుగా రెండు నోడ్లలోనూ డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశం ఇచ్చి, పేరు, సైజుతోపాటు డబ్ల్యూడబ్ల్యూఎన్ (డిస్కు సొంత గుర్తింపు సంఖ్య) కాలమ్ కూడా అడగండి. మొదటి నోడ్‌లో ఎస్‌డీబీ అన్న డిస్కు రెండోదాంట్లో ఎస్‌డీసీ కావచ్చు. కెర్నెల్ తనకు దొరికిన వరుసలో పెట్టే పేర్లివి, రీబూట్‌తో మారిపోగలవు. డబ్ల్యూడబ్ల్యూఎన్ మాత్రం రెండు చోట్లా ఒకటే. దాన్ని కాగితంమీద రాసుకోండి, ఎస్‌డీబీని కాదు. వీఎంవేర్‌లో సాధన చేస్తూ ఆ కాలమ్ ఖాళీగా వస్తే, వర్చువల్ మెషీన్ సెట్టింగులలో డిస్క్ ఎనేబుల్‌యూయూఐడీని ట్రూ చేయండి.

డిస్కు నిజంగా ఖాళీయేనా? వైప్‌ఎఫ్‌ఎస్ అనే ఆదేశానికి డిస్కు పేరు మాత్రమే ఇచ్చి చూడండి. ఆప్షన్లేవీ ఇవ్వకపోతే అది పాత గుర్తులను చూపిస్తుందే తప్ప దేన్నీ చెరపదు.

ఇక మొదటి నోడ్‌లో డిస్కును భాగాలు (పార్టిషన్లు) చేసే పార్టెడ్ తెరిచి, ఎంకేలేబుల్ జీపీటీ అనండి. జీపీటీ అంటే ఆ భాగాల హద్దులు రాసుకునే కొత్త తరహా పట్టిక. పాత ఎంబీఆర్ పట్టిక సెక్టార్లను (డిస్కులోని చిన్న గళ్లను) 32 బిట్లలో లెక్కిస్తుంది. 512 బైట్ల సెక్టార్లయితే 2 టెబీబైట్లు దాటి చూడలేదు. తర్వాత పార్టిషన్ చేసే ఎంకేపార్ట్‌కు మొదలు 1 ఎంఐబీ, చివర 100 శాతం అని చెప్పండి.

మొదలు 1 ఎంఐబీ ఎందుకో లెక్క వేయండి. ఒకప్పుడు ఎఫ్‌డిస్క్ అనే పాత సాధనం పార్టిషన్‌ను 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేది. 63ను 512తో గుణిస్తే 32,256. దీన్ని డిస్కు అసలు బ్లాకు సైజు 4,096తో భాగిస్తే 7.875 వస్తుంది. అంటే 4 కేబీ బ్లాకులన్నీ డిస్కు అసలు బ్లాకుల్లో రెండేసింటిమీద కాళ్లు చాపుకుని కూర్చుంటాయి. ఒక్క రాతకు రెండు బ్లాకులు కదలాలి. 2048వ సెక్టార్ అయితే 10,48,576 బైట్లు, సరిగ్గా 256 బ్లాకులు.

ఏఎస్‌ఎం మొత్తం డిస్కునైనా తీసుకుంటుంది కదా, ఈ ఒక్క పార్టిషన్ దేనికంటారా? ఖాళీ డిస్కనుకుని రేపు ఇంకో అడ్మిన్ దాన్ని వాడేసుకోకుండా.

ఇప్పుడు రెండో నోడ్‌కు వెళ్లండి. అక్కడ పార్టిషన్ కనిపించదు! కంగారు పడి మళ్లీ పార్టెడ్ తెరవకండి. నేర్చుకునే రోజుల్లో నేను తెరిచాను, ఇంకో లేబుల్ కూడా వేశాను. మొదటి నోడ్ పాత పట్టికనే గుర్తుంచుకుని సాఫీగా నడిచింది, దాన్ని రీబూట్ చేసేదాకా. డిస్కు ఉమ్మడిదే గాని, కెర్నెళ్ల జ్ఞాపకం వేరు. ఉమ్మడి పొలంలో హద్దురాళ్లు అన్నదమ్ములు చెరోసారి పాతరు. ఒకరు పాతితే రెండోవారు వచ్చి చూసుకుంటారు. ఆ చూసుకోవడమే పార్ట్‌ప్రోబ్, పట్టికను మళ్లీ చదవమని కెర్నెల్‌కు చెప్పే ఆదేశం. రెండో నోడ్‌లో అదొక్కటి ఇస్తే చాలు.

ఫైల్ సిస్టమ్ వేసే ఎంకేఎఫ్‌ఎస్ జోలికి మాత్రం వెళ్లకండి. ఏఎస్‌ఎంకు ముడి పార్టిషనే కావాలి. పోనీ ఫైల్ సిస్టమ్ కావాలన్నా ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌లు పనికిరావు. రెండు నోడ్లూ ఒకేసారి మౌంట్ చేస్తే, ఒకరి కాష్ సంగతి ఇంకొకరికి తెలియక డేటా చిందరవందర అవుతుంది. అందుకు జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 అనే క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు వేరే ఉన్నాయి.

వచ్చే పాఠంలో లైనక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే యూడెవ్ నియమాలతో ఈ పార్టిషన్లకు రెండు నోడ్లలోనూ మారని పేర్లు, ఏఎస్‌ఎంను నడిపే గ్రిడ్ యూజర్‌కు 0660 (చదవడం, రాయడం) అనుమతులు ఇద్దాం. ఈలోగా మిగతా రెండు డిస్కులూ మీరే చేయండి. పార్టెడ్‌లో యూనిట్ ఎస్ (లెక్క సెక్టార్లలో), ప్రింట్ అని రెండు నోడ్లలోనూ అడిగితే, మూడింటికీ మొదటి సెక్టార్ 2048 అని రావాలి.